సీలు కవరులో రాజన్న చీటీ

2014 జూన్‌లో నేను దుబాయ్‌లోని అల్ ఖూజ్‌లో ఒక ఆడియో పరికరాల దిగుమతి కంపెనీలో సీనియర్ సర్వీస్ ఇంజనీరుగా ఉన్నాను. సీనియర్ అనగానే నా కింద పదిమంది ఉన్నారనుకోకండి. ఒక గోడౌను, దాని మూలన నా బెంచీ, బెంచీకి అవతలి వైపు రాజన్న అనే టెక్నీషియను. సర్వీస్ విభాగం మొత్తం అంతే. పాడైన యంత్రాలు బాగుచేయడం మా రోజువారీ పని. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రం ‘గృహ శ్రవణ పరీక్ష’ అని ఒకటి నెత్తిన పడేది. కొత్త బ్రాండు ఏజెన్సీ తీసుకునే ముందు ఆ యంత్రాన్ని షోరూములో కాకుండా ఎవరైనా పాత కస్టమరు ఇంట్లో పెట్టి, నలుగురికి వినిపించి, ఫారాలు నింపించి, చివర ఇంజనీరు సంతకంతో నివేదిక పంపాలి. ఆ సంతకం నాది.

ఆ నెల వచ్చింది ఒక ఖరీదైన స్టీరియో ఆంప్లిఫయర్. ప్లేయరు నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని స్పీకర్లను కదిలించేంత బలంగా మార్చే పెట్టెనే ఆంప్లిఫయర్ అంటారు. ఇది క్లాస్ ఏ రకం. పాట ఉన్నా లేకపోయినా కరెంటు తాగుతూనే ఉంటుంది, పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన పెనంలా ఎప్పుడూ కాలుతూ ఉంటుంది. వినే ముందు రెండు గంటలు వేడెక్కనివ్వాలని దాని పుస్తకంలో రాసి ఉంది. రాసినవాళ్ళది మంచు కురిసే దేశం. జూన్‌లో దుబాయ్ ఎలా ఉంటుందో వాళ్ళకేం తెలుసు!

ఇక్కడ నా గుట్టు ఒకటి చెప్పాలి. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్ళు. శబ్దంలో సన్నదనాన్ని మేం కిలోహెర్ట్జ్‌లలో కొలుస్తాం. ఎంత కీచుగా ఉంటే అంత పెద్ద అంకె. మంచి చెవి పదిహేను దాటి వింటుంది. ఆ ఏడాది మొదట్లో బెంచీ మీద కావలసిన కీచుదనంలో శబ్దం పుట్టించే సిగ్నల్ జనరేటర్ తిప్పుతూ ఎనిమిది దాటాక ఏమీ వినిపించక, యంత్రం చెడిందనుకుని విప్పబోయాను. పక్కనున్న రాజన్న చెవులు మూసుకుని, ‘బంద్ జెయ్యి సార్, చెవుల సూదులు గుచ్చినట్టైతున్నది’ అన్నాడు. చెడింది యంత్రం కాదు. అప్పటి నుంచీ చెవితో కాక, కొలిచే యంత్రం తెర మీద గీత చూసి పని నెట్టుకొస్తున్నాను. వీసా కోసం చేసే మెడికల్‌లో రక్తం తీస్తారు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. చెవుల జోలికి ఎవరూ పోరు కాబట్టి బతికిపోయాను. సెప్టెంబరులో నా వీసా రెన్యువల్. చెవులు పోయిన ఆడియో ఇంజనీరుకి ఎవరైనా రెన్యువల్ చేస్తారా? నాకు భయంగా ఉండేది, దాచుకోవలసిన పనేం లేదు.

పరీక్షకి దొరికిన ఇల్లు మిర్‌దిఫ్‌లో వరప్రసాద్ గారి విల్లా. గుంటూరు మనిషి, ఒక పెద్ద కంపెనీలో ఫైనాన్స్ చూసేవారు. తన పాత ఆంప్లిఫయర్‌ని మా దగ్గరే కొన్నారు. కొత్తది నచ్చితే పరీక్షకి తెచ్చిన ఆ పెట్టెనే ఉంచేసుకుంటానని ముందే మాటిచ్చారు. వినేవాళ్ళు నలుగురు: ఆయన, నేను, మా ముదీర్, అంటే మేనేజరు, సిరియా దేశస్థుడు. నాలుగోవారు వరప్రసాద్ గారి స్నేహితుడు డాక్టర్ రఘురాం గారు. ఏం డాక్టరని అడిగాను. చెవి ముక్కు గొంతు అన్నారు.

పరీక్ష శుక్రవారం పెట్టారు, అప్పట్లో సెలవు ఆ రోజే కదా. ముదీర్ పన్నెండు లోపు బయల్దేరి జుమా నమాజుకి వెళ్ళాలి కాబట్టి పదకొండుకి మొదలన్నాడు. వరప్రసాద్ గారి భార్య సుజాత గారు వంటింటి గోడకున్న క్యాలెండరు తీసుకొచ్చి మరీ అడ్డం పడ్డారు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం.

“అది ఇండియా టైమే సుజాతా, ఇక్కడికి తొమ్మిది నుంచి పదిన్నర. అప్పటికి అయిపోతుంది,” అన్నారు వరప్రసాద్ గారు.

“సూర్యుడు ఇక్కడ ఎప్పుడు పొడిస్తే దాన్నిబట్టేనండీ. ఇక్కడా పదిన్నర నుంచే.”

చివరికి ఆవిడ ఏ లెక్క తప్పినా ఇబ్బంది లేకుండా రెండూ కలిపేశారు. రెండు దేశాలకీ తేడా గంటన్నర, రాహుకాలం గంటన్నర, కాబట్టి ఒకటి అయిపోగానే రెండోది అందుకుంటుంది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా మూడు గంటల రాహుకాలం! ఉద్యోగ జీవితంలో ఎన్నో అడ్డంకులు చూశాను గానీ ఇలా రెండు దేశాల నుంచి వచ్చింది ఇదొక్కటే. వేడెక్కించడం మొదలుపెట్టడం కాదని, పాడించడమే మొదలని నేను బతిమాలితే, రాహుకాలం పట్టకముందే అయితే సరేనని ఎనిమిదిన్నరకి ప్లగ్గు పెట్టనిచ్చారు. పదకొండు మాటెత్తితే మాత్రం ఆవిడ మొహం ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు. వెళ్తూ రాజన్నతో ఏదో అన్నారు. నేను పట్టించుకోలేదు.

పద్ధతి ఏమిటంటే, పాత ఆంప్లిఫయర్, కొత్త ఆంప్లిఫయర్ రెండూ ఒక స్విచ్ పెట్టె ద్వారా అవే స్పీకర్లకి కలుస్తాయి. పెట్టె మీద ఏ, బి అని రెండు మీటలు. ఏది ఏదో వినేవాళ్ళకి తెలియకూడదు, నాతో సహా. తెలిస్తే చెవి కన్నా ముందు ధర వింటుంది. అందుకని వైర్లు కలిపేది రాజన్న ఒక్కడే. ఏది ఏదో చీటీ మీద రాసి, కవరులో పెట్టి, సీలు వేస్తాడు. అందరూ సంతకాలు పెట్టాకే కవరు తెరవాలి. యంత్రాలు కనపడకుండా రెండు డైనింగ్ కుర్చీల మధ్య సుజాత గారి పాత చీర కట్టాం. రాజన్న ఆ చీర వెనక కూర్చుని ముందు ఏ, తర్వాత బి, అలా వరసగా మీటలు నొక్కాలి, మాట్లాడకూడదు. ఫోన్లన్నీ ఉల్లిపాయల బుట్టలో వేసి వంటింట్లో పెట్టాం. సన్నటి శబ్దాలకి అడ్డం రాకుండా ఏసీ ఆపేశాం. మామూలుగా మొదటి విడత ఉత్తుత్తిదే, వాల్యూము, కుర్చీలు సర్దుకోవడానికి. రెండోదే అసలుది.

ముదీర్ గడియారం చూసుకుని, ఉత్తుత్తి విడత వద్దు, ఇదే అసలుది, యల్లా, కానివ్వండి అన్నాడు. ఫారాలు పంచుతుంటే చీర పైనుంచి రాజన్న చెయ్యి లేచింది. నిబంధన గుర్తుచేస్తూ నేను నోటి మీద వేలు పెట్టుకున్నాను. చెయ్యి దిగింది. ఒక్క క్షణం ఆగి మళ్ళీ లేచింది. ఈసారి ముదీర్ కళ్ళెర్ర చేశాడు.

వీణ రికార్డు మొదలైంది. ఏ. బి. మళ్ళీ ఏ. ఏసీ లేదు, గదిలో రెండున్నర గంటలుగా కాలుతున్న క్లాస్ ఏ పెట్టె ఉంది. పది నిమిషాల్లో డాక్టరు గారి చొక్కా వీపుకి అంటుకుపోయింది. బి రాగానే వరప్రసాద్ గారు కళ్ళు మూసుకుని ‘ఆహా’ అన్నారు. ముదీర్ అరచేతిని గుండె మీద పెట్టుకున్నాడు. డాక్టరు గారు చెమట తుడుచుకుంటూ, బిలో ఒక వెచ్చదనం ఉందండీ అన్నారు.

నాకు మాత్రం తేడా తెలియలేదు. ఆవగింజంత కూడా తెలియలేదు. మీటల మార్పు రాజన్న నొక్కినప్పుడు వచ్చే టిక్కుని బట్టి తెలిసింది తప్ప వీణని బట్టి కాదు. అయిపోయింది, ఎనిమిది నుంచి ఐదుకి పడిపోయాయి నా చెవులు అనుకున్నాను. పక్కనే చెవి డాక్టరు. ఎదురుగా సెప్టెంబరులో సంతకం పెట్టవలసిన ముదీర్. పెన్ను తీసి రాశాను: ‘బి స్పష్టంగా మేలు. పై స్థాయులు స్ఫటికంలా ఉన్నాయి.’ ముప్ఫై ఏళ్ళ పైచిలుకు వృత్తిలో వినని దాన్ని విన్నానని రాయడం అదే మొదలు. ఒక్క అక్షరం కొట్టివేత లేకుండా రాశాను, అదీ నాకు సిగ్గుగా అనిపించిన సంగతి.

నలుగురం సంతకాలు పెట్టాం. నాలుగు ఫారాల్లోనూ బియే గెలిచింది. ముదీర్ సంబరంగా కవరు చింపి, చీటీ చూసి, అది తెలుగులో ఉండటంతో నా చేతికిచ్చి గట్టిగా చదవమన్నాడు. వరప్రసాద్ గారూ డాక్టరు గారూ నా భుజాల మీంచి తొంగిచూశారు. రాజన్న గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది:

‘ఏ – పాతది. బి – పాతదే. పన్నెండు దాటినంక కొత్తది కలుపుత.’

డాక్టరు గారు దగ్గారు. వరప్రసాద్ గారు నా మోచేతిని చిన్నగా నొక్కి, “మూర్తి గారూ, ఏ పాతది, బి కొత్తది అని చదివెయ్యండి. ఆయనకేం తెలుస్తుంది?” అన్నారు తెలుగులో, నవ్వుమొహం చెదరకుండా. నిజమే, ఆయనకేం తెలుస్తుంది? చదివేస్తే ఏజెన్సీ వస్తుంది, నా రెన్యువలూ అవుతుంది, నలుగురి పరువూ దక్కుతుంది.

కానీ ఆ చీటీ చూసిన క్షణంలో నాకు ముందు కలిగింది సిగ్గు కాదు, సంతోషం. తేడా లేదని నా చెవులు చెప్పాయి, తేడా లేదు మరి. చెవులు సరిగ్గానే చెప్పాయి, అబద్ధమాడింది చెయ్యి. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చదివాను. తర్వాత చీర పక్కకి తీసి, ఇదేం పనయ్యా రాజన్నా అని అడిగాను.

“అమ్మ చెప్పింది సార్, పన్నెండు దాక దాన్ని పాడనియ్యద్దని. ఎట్లాగూ పస్ట్‌ది ఉత్తదే గద అని రెండు మీటలు పాతదానికే కలిపిన. ఉత్తది గాదంటే చెప్దామని రెండుసార్లు చెయ్యి లేపిన. మీరేమో నోరు మూస్కొమ్మన్నరు.”

ముదీర్ తన ఫారం మడిచి జేబులో పెట్టుకుని, ఖలాస్, ఇప్పటికింతే, నమాజు అయ్యాక మళ్ళీ అని వెళ్ళిపోయాడు. సుజాత గారు పన్నెండు దాటాక వచ్చి కొత్త పెట్టెకి పసుపు, కుంకుమ పెట్టి, మాకు అన్నాలు పెట్టారు. గుత్తి వంకాయ వడ్డిస్తున్నప్పుడు ఆవిడ మొహంలో గెలుపు కనిపించింది.

రెండున్నరకి రెండో విడత. ఈసారి రాజన్న రెండు యంత్రాలూ కలిపాడు, కొత్త చీటీ, కొత్త సీలు. పొద్దున దెబ్బతిన్న వినేవాళ్ళు ఇప్పుడు రాతిబొమ్మల్లా కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నవారు లేరు, ఆహా లేదు. ఏ వచ్చినా బి వచ్చినా అదే మొహం. ముగ్గురూ వరసగా రాసింది ఒకటే: తేడా లేదు.

నాకు తేడా వినిపించింది. బిలో, పాటకీ పాటకీ మధ్య, ఎడమ స్పీకరులో మెల్లగా ఒక గుర్రు. కరెంటు సెకనుకి యాభై సార్లు ఊగడం వల్ల వచ్చే గుర్రు అది. కీచుకి పూర్తిగా ఎదురైన మంద్ర శబ్దం కాబట్టి నా చెవికి బాగా అందేదే. బి ఏదో నాకు తెలియదు. పాతదైతే మా సర్వీసుకే చెడ్డపేరు, కొత్తదైతే ఏజెన్సీకి ఎసరు. ఫారం మీద రాశాను: ‘బి, ఎడమ వైపు గుర్రు ఉంది. మిగతా తేడా వినిపించలేదు. ఎనిమిది కిలోహెర్ట్జ్ పైన నా చెవులకి వినిపించదు, ఆ పై సంగతి ఇంకొకరిని అడగాలి.’ రెండో వాక్యం కన్నా మూడోది రాయడానికి ఎక్కువసేపు పట్టింది.

కవరు తెరిచారు. బి కొత్తదే. స్పీకర్ల వైర్లు ఎడమది కుడికి మార్చి చూశాను. గుర్రు కుడి స్పీకరులోకి వచ్చింది, అంటే తప్పు ఆంప్లిఫయర్‌లోనే. మీకు వినిపించలేదా అని అడిగాను. వరప్రసాద్ గారు ఏసీ అనుకున్నారట, ఆపేసింది ఆయనే అయినా. డాక్టరు గారు తన చెవిలోనే ఏదో మోగుతోందనుకుని, సోమవారం తన జూనియరుకి చూపించుకుందామని అప్పుడే నిశ్చయించుకున్నారట.

మర్నాడు బెంచీ మీద విప్పితే లోపల ఒక ఎర్త్ వైరు మర వదులై ఉంది. పరీక్షకి ముందు రోజు బెంచీ మీద నేను కొలిచినప్పుడు గుర్రు లేదు. అల్ ఖూజ్ నుంచి మిర్‌దిఫ్ దాకా మా పికప్పు ఎక్కిన స్పీడు బ్రేకర్లే దాన్ని వదులు చేశాయి. తయారీదారు తప్పేమీ లేదు. రాజన్న మర బిగించాడు, గుర్రు పోయింది. ఆ రోజు నేనూ తేడా లేదని రాసి ఉంటే వరప్రసాద్ గారు ఆ గుర్రునే కొనుక్కుని, ఏసీ అనుకుంటూ జీవితమంతా విని ఉండేవారు.

ఆదివారం ముదీర్ నన్ను తన గదికి పిలిచాడు. నా ఫారం బల్ల మీద ఉంది, మూడో వాక్యం కింద ఎర్ర గీత. ఎనిమిదేనా అని అడిగాడు. ఎనిమిదే అన్నాను. లేచి తలుపు వేశాడు. సిగ్నల్ జనరేటర్ తెచ్చి తన చెవులు పరీక్షించమన్నాడు. తెచ్చాను. ఆయనకి ఆరు. ఎవరికీ చెప్పవద్దన్నాడు. సెప్టెంబరులో నా వీసా రెన్యువల్ అయింది. అప్పటి నుంచి కంపెనీ ఫారంలో, విన్నవారి పేరు కింద, ‘చెవి ఎంతవరకు’ అని ఒక గడి చేరింది. ముదీర్ దాన్ని ఎప్పుడూ ఖాళీగానే వదిలేవాడు.

నేను రిటైరై వచ్చేటప్పుడు ఆ ఫైలు ఒకసారి తిరగేశాను. మొదటి విడతవి మూడు ఫారాలు, ముదీర్ జేబులోకి పోయిన నాలుగోది లేదు, వాటికి పిన్నుతో గుచ్చి రాజన్న చీటీ. ఆ పూట రాసిన కాగితాల్లో నిజం ఉన్నది ఆ చీటీలోనే. దాని వల్ల నేర్చుకున్న పని పద్ధతి ఇది: వినిపించకపోతే వినిపించలేదని రాయాలి, ఎందుకు వినిపించలేదో తెలిస్తే అదీ రాయాలి, వైర్లు కలిపినవాడు చెయ్యి లేపితే పరీక్ష ఆపి అడగాలి.