స్పీకర్‌లో పెట్టిన ఫోను

తొమ్మిదో తరగతి మొదలయ్యే జూన్‌లో మేము మా ఊరు బోథ్ వదిలి కరీంనగర్ వచ్చాం. బాపు కరెంటు లైన్‌మన్, బదిలీ అయింది. కొత్త బడిలో మొదటిరోజు నన్ను లేచి పరిచయం చేసుకోమన్నారు. రెండు మాటలు మాట్లాడానో లేదో, ముందు బెంచీలోని ముగ్గురమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. మా వైపు మాటల్లో మరాఠీ కలుస్తుంది. తోటి ఆడపిల్లను 'బాయీ' అంటాం. సాయంత్రానికి క్లాసు మొత్తానికి నేను బాయినైపోయాను.

రెండు వారాలు నోరు విప్పలేదు. మధ్యాహ్నం నీళ్ల ట్యాంకు వెనక ఒక్కదాన్నే అన్నం తినేదాన్ని. ఆదివారం కోసం కాచుకునేదాన్ని. ఆ రోజు బోథ్ నుంచి నా స్నేహితురాలు వాళ్లన్న ఫోనులో మాట్లాడేది. ఒకటో తరగతి నుంచి మాదొకటే బెంచీ.

తర్వాత నాకో ఉపాయం తోచింది. ఒకరోజు ఆ ముగ్గురి ముందు నా స్నేహితురాలు మాట్లాడే తీరు చేసి చూపించాను. ఆ సాగదీత, మాట మధ్యలో ముక్కు ఎగబీల్చడం. పడీపడీ నవ్వారు. మర్నాటి నుంచి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

జూలైలో ఒక ఆదివారం సైన్స్ చార్టు వేయడానికి ముగ్గురూ మా ఇంటికి వచ్చారు. ఫోను మోగింది. ఆ పిల్లేనా అని అడిగి, స్పీకర్‌లో పెట్టమన్నారు. పెట్టాను.

"ఏం బాయీ, ఎట్లున్నవ్? నువ్వు పోయినంక బడికి పోబుద్ధి అయితలేదు. బెంచిల నీ జాగల ఎవ్వల్ని కూసోనిస్తలేను."

ముగ్గురూ నోళ్లు మూసుకుని ఊగిపోయారు. ఒకతె ఆపుకోలేక బయటికే నవ్వేసింది. నేనూ నవ్వాను. అటువైపు అది ఫోను పెట్టేసింది. అవ్వ వంటింట్లోంచి వచ్చి ఎవరే అంటే, రాంగ్ నంబర్ అన్నాను.

మళ్లీ ఫోను రాలేదు. నేనూ చేయలేదు.

దసరా సెలవుల్లో బోథ్ వెళ్లాను. నా స్నేహితురాలు వాళ్లమ్మతో కలిసి చేనులో పత్తి ఏరుతోంది. పక్కన నిలబడి, ఫోను ఎందుకు చేయడం లేదని అడిగాను. నడుముకు కట్టుకున్న సంచిలోకి పత్తి వేస్తూనే చెప్పింది.

"గా పోరిలు నవ్విన్రు, గదేం ఫికర్ లేదు. నడుమ నీ నవ్వు ఇనవడ్డది. నాకు ఎరుకే గదా."

నేను నవ్వలేదని చెప్పాను. అది తలెత్తి నా మొహం చూసి, పక్క సాలులోకి వెళ్లిపోయింది. వాళ్లమ్మ నన్ను అన్నం తిని పొమ్మంది. ఆకలి లేదని వచ్చేశాను.

సెలవులయ్యాక బడి తెరిచారు. ఊరి కబుర్లేమిటని ఆ ముగ్గురూ నా చుట్టూ చేరారు. పత్తి ఏరుతూ అది అన్న మాటలన్నీ, దాని గొంతుతోనే, చేసి చూపించాను. అంత బాగా ముందెప్పుడూ చేయలేదన్నారు.