విమానం బల్లల బస్సు

సరుకులు మోసి మోసి రిటైరైన మిలిటరీ విమానాన్ని విప్పి ముక్కలుగా అమ్ముతున్నారని తెలిసేసరికి మా ఆయనకు కాలు నిలవలేదు. ఆయన సూర్యాపేటలో బస్సులు బాగుచేసే మెకానిక్కు. పోలీసు యాక్షన్ గడబిడలు సద్దుమణిగిన ఏడాది సికింద్రాబాద్ వేలానికి పోయి దాని స్పేరు పార్టులు లారీలో వేసుకొచ్చాడు. గొట్టాలు, చక్రాలు, సిపాయిలు కూర్చునే పొడుగాటి బల్లలు, నడుముకు కట్టుకునే బెల్టులు. మిర్యాలగూడ షావుకారు ఒకాయన పాత లారీని బస్సు చేసిపెట్టమంటే, ఆ బల్లలే బెల్టులతో సహా బిగించాడు.

ఎట్లా బిగించాడు? అచ్చం విమానంలో ఉన్నట్టే. అటు గోడకొకటి, ఇటు గోడకొకటి, మనుషులు ఎదురెదురుగా. మామాకోడళ్లు, అత్తాఅల్లుళ్లు మోకాలికి మోకాలు తగిలేలా కూర్చోవాల్సి వస్తుందన్న ఆలోచన ఆ మహానుభావుడికి రాలేదు. సూర్యాపేటలో ఎక్కిన ఆడవాళ్లు మొహాలు కిటికీల వైపు తిప్పుకొని, కోదాడ చేరేసరికి మెడలు పట్టేసి దిగేవాళ్లు. నేను నవ్వితే ఆయనకు కోపం.

ఆ నవ్వు నా మీదికే వచ్చింది. నాకు తొలిచూలు. పురుటికి తీసుకుపోతానని మా అమ్మ కోదాడ నుంచి వచ్చింది. ఆయన ససేమిరా అన్నాడు. అత్త అల్లుడి ముందుకు రాకూడదు, మాట్లాడకూడదు కదా. ఆమె వంటింట్లో, ఆయన అరుగు మీద, మధ్యలో నేను.

"తొలి కాన్పు పుట్టింట్లోనే అని చెప్పవే మీ ఆయనకి."

"గాడ ఏమున్నదో అడుగు మీ అమ్మను. గీడనైతే దవాఖాన ఉన్నది."

ఇద్దరి మాటల్లో కారం తీసేసి అటూ ఇటూ అందించలేక నా ప్రాణం విసిగిపోయింది. చివరికి, నాలుగు రోజులు పుట్టింట్లో ఉంచి తానే మళ్లీ తోలుకొస్తానన్నాడు. అమ్మ నా చీరలన్నీ పెట్టెలో సర్దింది. నన్ను తిరిగి పంపే ఉద్దేశం ఆమెకు లేదని నాకు అర్థమైంది.

ఆ బస్సే ఎక్కాం. ఒక బల్ల మీద అమ్మా నేనూ, ఎదురుగా ఆయన. అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. సూర్యాపేట దాటాక గుంతలో పడి బస్సు ఎగిరింది. బల్ల మీంచి జారిపోతున్న నన్ను ఇద్దరూ ఒకేసారి పట్టుకున్నారు. ఆయన గబగబా విమానం బెల్టు తీసి నాకు కట్టబోయాడు. బకిలు పడక పట్టీని ఇంకా గట్టిగా లాగాడు.

"అంత గట్టిగా కాదు నాయినా, పిల్లకి నొస్తది" అంది అమ్మ. నాతో కాదు, ఆయనతో.

ఆయన తలెత్తి ఆమె మొహం చూశాడు. "నాకు బయమైతున్నదత్తమ్మా. నన్ను కన్నంకనే మా అమ్మ పాణం పోయింది. ఆ ఊళ్లె దవాఖాన లేకుండె."

ఆయన చిన్నప్పుడే తల్లి పోయిందని మాత్రమే పెళ్లప్పుడు మాకు చెప్పారు. ఆయన మీద ఉన్న కోపమంతా పోయి నాకు ఏడుపొచ్చింది. అమ్మ కొంగు దించింది.

కోదాడలో అమ్మ నా పెట్టె దింపనివ్వలేదు. ఇంటికి పోయి తాళం వేసి, తన బట్టల మూటతో వచ్చి, సూర్యాపేటకు తిరిగి పోయే అదే బస్సు మాతోపాటు ఎక్కింది. అల్లుడింట్లో రెండు రాత్రులుంటేనే నామోషీ అనుకునే మనిషి, పురుడయ్యేదాకా మా ఇంట్లోనే ఉంది. కాన్పు కష్టమే అయింది. దవాఖానలో డాక్టరమ్మ ఉండబట్టి నేనూ నా బిడ్డా బతికాం.

ఈలోగా జనం పోరు పడలేక షావుకారు సీట్లన్నీ ముందుకు తిప్పించాడు. మనవరాలిని ఎత్తుకొని మాతో కోదాడ బయల్దేరిన అమ్మ బస్సెక్కి చుట్టూ చూసింది.

"ఇదేంది నాయినా," అంది మా ఆయనతో, "ఒకరి వీపు ఒకరం చూసుకుంటా కూర్చుంటే ఇంక ఏం మాట్లాడుకుంటాం?"