ఊరికి దక్షిణాన ఉన్న తోట

మొన్న మాఘమాసంలో మా పెదనాన్న కొడుకు, అంటే మా అన్నయ్య, విశాఖపట్నంలో కొత్త ఫ్లాటు కొని గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లాను. పాలు పొంగించడం అయింది, భోజనాలు అయ్యాయి, తీరా అందరం కిందికి దిగే వేళకు కారు తాళాలు కనబడక మగవాళ్లంతా సోఫాల కింద వంగి వెతుకుతూంటే, అన్నయ్య మనవరాలు, పట్టుమని పదేళ్లు లేని పిల్ల, ఫోనులోంచి తల ఎత్తకుండానే, "అరకు తోటలో ఉంటాయి, చూడండి" అంది. అందరూ ఘొల్లున నవ్వారు. ఆ పిల్లకు అరకు తోట అంటే ఏమిటో తెలియదు. వాళ్లింట్లో ఏ వస్తువు కనబడకపోయినా, ఎవరైనా నమ్మలేని మాట చెప్పినా, మా చిన్నతనం నుంచీ ఆడుకుంటూ వస్తున్న మాట అది. మూడో తరం నోట్లోకి అర్థం లేకుండానే వచ్చి చేరింది. నేను మాత్రం నవ్వలేదు. ఆ తోట మా నాన్నది.

నా వయసు వాళ్లకు చెబితే అర్థమవుతుంది, ఆ రోజుల్లో కొండ మీద వ్యాపారమంటే ఎంత కష్టమో. శృంగవరపుకోటలో మా తాతయ్యకు పెద్ద పెంకుటిల్లు, సందు మొగలో కొట్టు ఉండేవి. ఉప్పు, ఎండుచేపలు, బట్టల తానులు బండికెత్తి ఘాటీ ఎక్కి అరకు సంతలో అమ్మి, తిరుగు బండిలో పసుపూ చింతపండూ అడ్డాకులూ వేసుకుని దిగేవాడు. అలా తిరిగి తిరిగి అక్కడే కొంత భూమి సంపాదించి కమలా తోట వేశాడు. చలికాలం వచ్చిందంటే బుట్టలకు బుట్టలు మా వసారాలో దిగేవి. తాతయ్య పీట వేసుకు కూర్చుని వీధిలో ప్రతి ఇంటికీ పేరుపేరునా పంపించేవాడు. మా అరచేతులకు పట్టిన ఆ తొక్కల వాసన స్నానం చేసినా పోయేది కాదు. అయితే మా నాయనమ్మకు కొండ జ్వరమంటే ప్రాణభయం. పెళ్లయిన కొత్తలో అన్నగారిని ఆ జ్వరానికే పోగొట్టుకుందిట. అందుకని కొడుకులనిద్దరినీ ఘాటీ మొదలు దాటనివ్వలేదు. తోట పళ్లు తిని పెరిగినవాళ్లే తప్ప తోట చూసినవాడు మా ఇంట్లో తాతయ్య తప్ప మరొకడు లేడు. చివరి ఏళ్లు ఆయనా మంచంపట్టి కొండెక్కడం మానేశాడు.

ఆయన పోయాక పంపకాలు జరిగాయి. ఇల్లూ కొట్టూ పెదనాన్న తీసుకున్నాడు, కొండ మీది తోట నాన్న వాటాకు వచ్చింది. అది అన్యాయమని అమ్మ లోపల్లోపల ఏడ్చింది కాని, నాన్న తన తండ్రి చేత్తో వేసిన చెట్లు తనకు చాలునన్నాడు. ఆ తరువాత హద్దులు చూసుకుందామని పెదనాన్ననీ ఇద్దరు పెద్దమనుషులనీ వెంటబెట్టుకుని, దస్తావేజు సంచిలో పెట్టుకుని, మొదటిసారి అరకు లోయకు వెళ్లాడు. దస్తావేజులో ఉన్న ఊరు దొరికింది. ఆ ఊరికి దక్షిణాన తోట ఉండాలి. అక్కడ వలిసె చేలు తప్ప మరేమీ లేవు. పళ్ల చెట్టన్నది ఒక్కటి లేదు, ఉన్న జాడ కూడా లేదు. ఊళ్లో అడిగితే, ఇక్కడ అలాంటి తోట ఏదీ లేదన్నారు.

ఎండలో నలుగురూ తిరిగి వచ్చారు. ఆ పెద్దమనుషులు ఊరుకోలేదు. తాతయ్య సంతలో పళ్లు కొని తన తోటలోవని వీధికి పంచాడన్న మాట నెల తిరక్కుండా శృంగవరపుకోటంతా పాకిపోయింది. పెదనాన్న చెడ్డవాడని నేను అనను. నాన్న వాటా గాలిలో కలిసిపోయిందని ఆయనకూ బాధగానే ఉంది. తండ్రి అబద్ధమాడాడని, తోట లేదని నాన్న ఒక కాగితం మీద రాసి సంతకం పెడితే పంపకాలు మళ్లీ మొదటి నుంచి చేసుకుందామన్నాడు. నాన్న పెట్టలేదు. "మా నాన్న అబద్ధమాడలేదు. తోట నాకు దొరకలేదు, అంతే. లేనిది కాదు" అన్నాడట. ఆ మాట మీద మేము పెంకుటింటిలోంచి బయటికి వచ్చి విజయనగరంలో ఒంటిగది అద్దెకు తీసుకున్నాం. నాన్న బియ్యం మిల్లులో గుమాస్తాగా చేశాడు. నేను టైపు నేర్చుకుని జూట్ మిల్లు ఆఫీసులో చేరి, అక్కడే తల నెరిసి రిటైరయ్యాను. మాకు ఎవరూ పెట్టింది లేదు, మేము ఎవరి గడపలోనూ చేయి చాచింది లేదు.

ఏజెన్సీ భూములు గిరిజనులవేనన్న చట్టం గట్టిపడిన రోజులవి. తోట దొరికినా మా చేతిలో నిలిచేది కాదని నాకు ఎప్పుడో తెలుసు. అందుకు నాకు ఏ పేచీ లేదు. అది మీది కాదని చట్టం అంటే తల వంచుతాను. అది ఎన్నడూ లేనేలేదని ఎవరంటే మాత్రం, వాళ్లు ఎంతటివాళ్లయినా, ఒప్పుకోను. గృహప్రవేశం నుంచి ఇంటికి వచ్చి ట్రంకు పెట్టె అడుగున ఉన్న దస్తావేజు బయటికి తీశాను.

అందులో సర్వే నంబరు లేదు. ఉత్తరం ఊరు, తూర్పు గెడ్డ, దక్షిణం సంత బాట, పడమర కొండ, అంతే. మా వైపు సెలయేటిని గెడ్డ అంటాం, కొండల్లో అవి అడుగడుక్కీ ఉంటాయి. అది పట్టుకుని పాడేరు వెళ్లాను. అక్కడి రెవెన్యూ ఆఫీసులో కుర్రవాడు మర్యాదగానే కుర్చీ వేసి, నంబరు లేకపోతే కంప్యూటరు తీసుకోదని చెప్పాడు. "ఈ కాగితం రాసిననాటికి మీ కొండలకు నంబర్లే లేవు నాయనా, కొండలు మాత్రం ఉన్నాయి" అన్నాను. అతను నవ్వి, నంబర్లు వేసిన కాలపు రిజిస్టరు నకలు కావాలని సమాచార హక్కు కింద అర్జీ పెట్టుకోమని సలహా ఇచ్చాడు. అర్జీ నా టైపు మిషను మీదే కొట్టి పంపాను. వాళ్లు జవాబివ్వకపోతే మళ్లీ కొట్టాను. ఈ వయసులో ఎందుకమ్మా ఈ తిరుగుళ్లు అని బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు అడిగేవారు. మా ఇంటి పని, అనేదాన్ని.

చివరికి నకలు వచ్చింది. దస్తావేజులోని ఊరి పేరు అందులో రెండుసార్లు ఉంది. ఫోను చేస్తే, పొరపాటున రెండుసార్లు ఎక్కి ఉంటుందన్నారు. ముప్ఫై ఏళ్లకు పైగా టైపు కొట్టిన దాన్ని, పొరపాటున రెండోసారి కొట్టిన వరస ఎలా ఉంటుందో నాకు తెలుసు. మొదటి దానిలాగే ఉంటుంది. ఇక్కడ పేరు ఒకటే కాని విస్తీర్ణాలు వేరు, పైగా ఒకదాని పక్కన 'బేచిరాకు' అని ఉంది. మనుషులు వదిలేసి, దీపం పెట్టే దిక్కులేని ఊరిని రెవెన్యూవాళ్లు అలా అంటారు. అంటే ఒకే పేరుతో రెండు ఊళ్లు, ఒకటి బతికున్నది, ఒకటి పాడుబడినది. నాన్న వెళ్లింది బతికున్న ఊరికి.

అరకు దాకా రైల్లో వెళ్లి, అక్కడ నుంచి జీపులో, జీపు ఆగిన చోటు నుంచి నడిచి, నాన్న వెళ్లిన ఆ ఊరే చేరుకున్నాను. మొదటి ఇంటి అరుగు మీద ఒక ముసలామె చోళ్లు చెరుగుతోంది. నాకంటే కొంచెం పెద్దదై ఉంటుంది, నడుం నాలాగే నిటారుగా ఉంది. పాత ఊరు ఎక్కడని అడిగాను. చేట ఆపకుండానే, "అదిగో, ఆ గెడ్డవతల ఉండీది. జొరాలొచ్చి పిల్లలు పోతంటే పెద్దోలు ఊరిని నడిపించీసినారు. నిప్పూ, అమ్మవారి రాయీ, పేరూ ఎత్తుకుని ఇటొచ్చీసినాం" అంది. ఊరు చెడితే చోటు మారడం, పేరు వెంట తెచ్చుకోవడం ఆ కొండల్లో మామూలేనట. దస్తావేజులో పేరు చూసి ఊరిని వెతుక్కునే మైదానపువాళ్లం, ఊరు నడుస్తుందని మాకెవరు చెబుతారు?

మా తాతయ్య పేరు చెప్పి, ఆయన తోట అడుగుతూ మా నాన్న ఒకసారి వచ్చాడని అన్నాను. చేట ఆగింది.

"నల్ల గొడుగాయనా? ఎండకి మొకం కందిపోయింది. నన్నే అడిగినాడు. నానప్పుడు కొత్త కోడల్ని."

"మీరేం చెప్పారు?"

"ఊరికి దచ్చిణాన సావుకారి తోట ఏదీ అన్నాడు. ఈ ఊరికి దచ్చిణాన ఏటుంది? నేదన్నాను. అబద్దం ఆడినేదు."

"తెలిసి కూడా చెప్పలేదు."

"సెప్తే మళ్లీ వొత్తారు గదా మీరు. ఇప్పుడు నువ్వొచ్చినావు గదా, సావుకారమ్మా."

ఆమె అన్న ఆ ఒక్క మాటతో మా పెంకుటిల్లు పోయింది, అమ్మ నగలు పోయాయి, నాన్న మిల్లు దుమ్ములో దగ్గుతూ బతికాడు. ఆమె మీద కోపం రాలేదంటే అబద్ధం. కాని ఆమె కళ్లు దించుకోలేదు, సర్ది చెప్పుకోలేదు. అలా ఎదురు నిలబడి మాట్లాడేవాళ్లు మా ఇంట్లో నాన్న తరవాత ఎవరూ లేరు. నేను తీసుకోవడానికి రాలేదని, ఉందో లేదో చూసి పోవడానికి వచ్చానని చెప్పాను. కాసేపు నన్ను ఎగాదిగా చూసి, "సూసి పోతానంటే రా" అని లేచింది.

గెడ్డ దాటాక పనస చెట్ల నీడలో పాత ఊరి గోడల మొదళ్లు, ఒక పగిలిన రోలు కనిపించాయి. అక్కడ నుంచి దక్షిణంగా దిగితే, తూర్పున గెడ్డ, పడమర కొండ, కింద సంత బాట, దస్తావేజులో రాసింది రాసినట్టు ఉంది. కమలా చెట్లు లేవు. సిల్వర్ ఓకు చెట్ల మీదికి మిరియాల తీగలు పాకి, వాటి నీడన కాఫీ పెరుగుతోంది. వాలు పొడవునా మెట్లు మెట్లుగా రాతి గట్లు ఉన్నాయి. వాటిని ఇప్పటికీ సావుకారి గట్లనే అంటారట.

"మీ కమలాలు తెగులొచ్చి సచ్చిపోనాయి. గట్లు మాత్తరం బాగా కట్టించినాడు మీ తాత. కట్టింది మావోలే అనుకో" అంది.

ఆ భూమి తన మామ దగ్గర మా తాతయ్య ఎలా సంపాదించాడో కూడా చెప్పింది. దస్తావేజులో రాసింది ఒకటి, ఆమె చెప్పింది ఇంకొకటి. ఆమె చెప్పిందే జరిగి ఉంటుందని నాకు అనిపించింది. తాతయ్య రావడం ఆగిపోయాక వాళ్లు మళ్లీ దున్నుకున్నారు, పట్టా వాళ్ల పేరనే వచ్చింది, న్యాయమే. మా తాతయ్య దేవుడని నేనెప్పుడూ అనలేదు. తోట గురించి అబద్ధం చెప్పలేదన్నాను. ఆ గట్టు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, ఆమెకు నమస్కారం పెట్టి వచ్చేశాను.

విశాఖపట్నం వెళ్లి అన్నయ్యకు మొత్తం చెప్పాను. అంతా విని అన్నయ్య, "కాగితాలు చూపించు చెల్లెమ్మా, బాబాయిది తప్పు లేదని నేనే చుట్టాలందరికీ చెబుతాను" అన్నాడు. నా చేయి సంచిలోకి వెళ్లింది కూడా. ఇంతలో అన్నయ్య కొడుకు, స్థలాల వ్యాపారం చేసేవాడు, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అరకులో గెడ్డ పక్కన కాఫీ తోటంటే మాటలా అన్నాడు. అక్కడి మనిషినెవరినో ఒకణ్ణి పట్టుకుని, కాగితం అతని పేర ఉంచి, లోపల మన ఒప్పందం మనం రాసుకుని, గుడారాలు వేసి వచ్చేపోయేవాళ్లకు అద్దెకిస్తే ముత్తాతగారి పేరే పెట్టవచ్చన్నాడు. "ఊరి పేరొక్కటి సెప్పత్తా, మిగతాది నాను సూసుకుంటాను."

నేను సంచి మూసేశాను.

"సెప్పవంటే నేదన్నమాటే గదా" అన్నాడు నవ్వుతూ.

"లేదనే అనుకో."

అన్నయ్య నా వైపు చూసి మాట మార్చాడు. కాగితం చూపించకపోతే మాట నిలబడదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంకో యాభై ఏళ్లు వాళ్లింట్లో పోయిన ప్రతి వస్తువునూ మా తోటలోనే వెతుక్కుంటారు. వెతుక్కోనీ.

ఎంత మారిపోయింది కాలం! మా నాయనమ్మ కొడుకులను ఘాటీ ఎక్కనివ్వకుండా కాళ్లకు అడ్డం పడేది. ఇప్పుడు సెలవొస్తే ఆ ఘాటీలో కార్లకు చోటు చాలదు. జ్వరానికి భయపడి వదిలేసిన చోట పొగమంచు చూడడానికి జనం ముందుగా గదులు రాయించుకుంటున్నారు. అప్పుడు ఊళ్లకు కష్టమొస్తే లేచి నడిచిపోయేవి. ఇప్పుడు నంబర్లూ కార్డులూ వచ్చాక ఏ ఊరూ ఉన్న చోటు నుంచి కదలలేదు, ఎవరొచ్చి అడిగినా దొరికిపోతుంది. ఇంత రాసినా ఆ ఊరి పేరు నేను రాయలేదని మీరు గమనించే ఉంటారు. సంపాదకులు అడిగినా చెప్పను, చుట్టాలు అడిగినా చెప్పను. ఆ పేరు చెప్పవలసిన మనిషి నాకు ఒక్కడే ఉన్నాడు. నల్ల గొడుగు వేసుకుని ఆ ఎండలో నిలబడి, లేదన్న మాట విని, అయినా పెదనాన్న కాగితం మీద సంతకం పెట్టనివాడు. ఆయన బతికుండగా చెప్పేటంత బేగి నేను అక్కడికి వెళ్లలేకపోయాను.