రంగు కలపని బ్రెడ్డు

మూడు నెలలు నేను గోధుమ అనుకుని మైదా తిన్నాను. ఆ సంగతి నాకు చెప్పింది డాక్టరు కాదు, ఆ బ్రెడ్డు అమ్మిన మనిషే.

మాది శ్రీకాకుళం వైపు. పెళ్లయి సికింద్రాబాద్ వచ్చి ఇరవయ్యేళ్లు దాటింది. మెట్టుగూడలో ఇల్లు, రైల్వే ఆఫీసులో గుమాస్తా పని. పొద్దున్నే వండి, క్యారేజీలు సర్ది పరుగెత్తే దాన్ని కాబట్టి నా టిఫిను ఎప్పుడూ రెండు బ్రెడ్డు ముక్కలూ టీనే. పోయినేడు ఆఫీసులో అందరికీ రక్తపరీక్షలు చేస్తే, నాకు చెడు కొలెస్ట్రాల్ ఎక్కువుందని తేలింది. మా నాన్న గుండెపోటుతోనే పోయారు. ఆ కాగితం పట్టుకుని ఆ రోజే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. "ఇప్పుడే మాత్రలు వద్దు, మూడు నెలలు చూద్దాం. వేపుళ్లు తగ్గించండి, రోజూ నడవండి. మైదా మానేసి పొట్టుతో ఉన్న గోధుమలు, ఓట్స్ తినండి. వాటిలో పీచు కొలెస్ట్రాల్‌ని కొంత తగ్గిస్తుంది."

ఆ సాయంత్రం నుంచే మా వీధి చివరి బేకరీలో తెల్లది మానేసి బ్రౌన్ బ్రెడ్డు కొనడం మొదలుపెట్టాను. బేకరీ ఆయనకి అరవై ఏళ్లుంటాయి. పుట్టింది, పెరిగింది సీతాఫల్‌మండిలో. ఆయన లోపల భట్టీ దగ్గర, ఆయన భార్య గల్లా దగ్గర.

మూడు నెలలకి మళ్లీ పరీక్ష చేయించుకున్నాను. ఏమీ తగ్గలేదు. ఆ రిపోర్టు చేత్తో పట్టుకునే బ్రెడ్డు కోసం ఆగాను.

"ఏంది చెల్లె, గట్ల పరేషాన్‌గున్నవ్?" అన్నాడాయన, భట్టీ దగ్గర్నుంచి ఇవతలికొచ్చి ప్యాకెట్టు తీస్తూ.

"మూడు నెలలుగా మీ బ్రౌన్ బ్రెడ్డే తింటున్నానన్నా. అయినా కొలెస్ట్రాల్ దిగలేదు. మా నాన్న దారే నాదీనేమో."

ప్యాకెట్టు అందించబోతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. ఒకసారి భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ప్యాకెట్టు వెనక్కి తీసేసుకున్నాడు.

"గిది నీకియ్య. గిది మైదానే చెల్లె. జెర గోధుమపిండి కలిపి రంగు ఏస్తం. నువ్వు రోగానికి తింటున్నవని నాకు తెల్వకపాయె."

బ్రెడ్డు లేకుండానే ఇంటికొచ్చేశాను. కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆయన అంతా విని, "అతను చెప్పకపోతే ఇంకో మూడు నెలలు అదే తినేదానివి కదా" అన్నారు. ఆ మాట పట్టుకుని నేనూ ఆలోచించాను. బ్రౌన్ బ్రెడ్డు తింటున్నాననే ధీమాతో క్యాంటీన్లో మిరపకాయ బజ్జీలు నేను ఒక్కరోజూ వదల్లేదు. ఆ మాట డాక్టరమ్మకీ చెప్పలేదు, మా ఆయనకీ చెప్పలేదు. బేకరీ ఆయన మాత్రం నా మొహమ్మీదే నిజం చెప్పాడు.

మర్నాడు వెళ్లి అడిగాను. "అచ్చంగా గోధుమది చేసి పెట్టగలరా?"

"చేస్త. గని ఒక్క బ్రెడ్డుకు పిండి కలుపుడు కాదు. ఓ పదిమందిని తీస్కరా."

మధ్యాహ్నం క్యారేజీలు విప్పే వేళ ఆఫీసులో ఆడవాళ్లందరినీ అడిగాను. కొందరు నవ్వారు. ఎనిమిది మంది సరేనన్నారు. మిగతా రెండూ మేమే తీసుకుంటామని బేకరీలో చెప్పాను.

మొదటిసారి చేసింది ఇటుకరాయిలా వచ్చింది. "ఎవ్వరికీ ఇయ్యను" అన్నాడాయన సిగ్గుపడుతూ. నేను వినలేదు. ఒకటి ఇంటికి తెచ్చుకుని, పెనం మీద కాల్చి, పల్లీ పచ్చడితో తిన్నాను. దవడలు నొప్పి పుట్టాయి. రెండోసారి పిండిలో నీళ్లు పెంచి, ఎక్కువసేపు నాననిచ్చాడు. మూడోసారి ఓట్స్ కూడా కలిపాడు, అప్పటికి మెత్తబడింది. ఆ రోజు నన్ను లోపలికి పిలిచి పిండి బస్తా విప్పి చూపించాడు. విచిత్రమేమిటంటే, ఆ అసలు గోధుమ బ్రెడ్డు పాత బ్రౌన్ బ్రెడ్డు కంటే తెల్లగా ఉంది.

ఇంకో మూడు నెలలు గడిచాయి. ఈసారి బజ్జీలు నిజంగానే మానేశాను, రోజూ నడిచాను. రిపోర్టు చూసి డాక్టరమ్మ నవ్వింది. "బాగా తగ్గింది. బ్రెడ్డు ఒక్కదాని చలవే అనుకోకండి. నడక, వేపుళ్లు మానడం, పీచు, అన్నీ కలిసి పనిచేశాయి. ఏదీ ఆపకండి."

తిన్నగా బేకరీకి వెళ్లి చెప్పాను. ఆయన చేతులు దులుపుకుంటూ నవ్వాడు. అన్నాళ్లూ నాతో పెద్దగా మాట్లాడని ఆయన భార్య అప్పుడు అంది: "ఈయనకు సుత పరీక్ష చేపియ్యాలె. యాడ చేస్తరో జెర చూపియ్యమ్మా."

మర్నాడు పొద్దున్నే ఇద్దరినీ నేనే ల్యాబుకి తీసుకెళ్లాను. రోజూ నిప్పు ముందు నిలబడే మనిషికి సూదంటే అంత భయమని నాకప్పుడే తెలిసింది. కళ్లు గట్టిగా మూసుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. బేకరీలో అందరి ముందూ అనలేని మాట అక్కడ అన్నాను.

"అన్నా, ఆ రోజు మీరు నిజం చెప్పి నాకు ఎంత మేలు చేశారో..."

"గవన్నీ తర్వాత చెల్లె. సూది తీసిండా లేదా చూడు."

తీసేసి చాలాసేపయింది. నేను చెయ్యి మాత్రం వదల్లేదు.