బొగ్గు బస్సు కింద పట్టిన సీసా

ఈ ఉదయం సరిగ్గా ఆరూ పదికి, పాలు పొంగే లోపలే గ్యాసు అయిపోయింది. సిలిండర్‌ను పట్టి ఊపి చూశాను, లోపల ఏదీ కదలలేదు. చెవి దగ్గర సీసా పెట్టుకుని అలా ఊపి వినే అలవాటు మా మేనమామది. ఆయన గుర్తుకొస్తే నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మామ తాండూరు నుంచి కొడంగల్‌కు బొగ్గు బస్సు నడిపేవాడు. మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, పెట్రోలు దొరకని ఆ రోజుల్లో బస్సు వెనక ఒక పెద్ద డ్రమ్ములో బొగ్గు రాజేసి, దాని నుంచి వచ్చే గ్యాసుతోనే ఇంజను నడిపేవారు. ఆ గ్యాసు చల్లబడే గొట్టం కింద నల్లటి జిడ్డు కారేది. మిగతా డ్రైవర్లు దాన్ని తుడిచి పారేస్తే, గ్యాసే నూనెగా మారుతోందేమోనని మామ సీసాలో పట్టేవాడు. కమ్మరి దగ్గర ఇనుప రజను తెచ్చి, గొట్టంలో కూరి, వేడి చేసి, అందులోంచి గ్యాసు పంపి చూసేవాడు. గ్యాసును నూనెగా మార్చగలిగితే అత్త కిరోసిన్ కోసం వరసలో నిలబడే పని తప్పుతుందని ఆయన ఆశ.

పోలీసు చర్య జరిగిన మూడో ఏడు, హైదరాబాదులో బీఎస్సీ చదువుతూ సెలవులకు వచ్చాను. బస్సులు ఆగే చోట నలుగురు డ్రైవర్ల ముందు మామ ఆ సీసా నా చేతిలో పెట్టాడు.

"జర చూడు అల్లుడా. గీ గ్యాసు నూనె అయితదా, కాదా? సదువుకున్నోనివి, నువ్వే చెప్పాలె."

వాసన చూశాను. తారు. ఆ మాట చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నేను నవ్వాను.

"పొగను పిండితే నూనె వస్తదా మామా?"

"రేపటిసంది గా నూనెల మిర్చీలు గోలిద్దాం తియ్యి," అన్నాడు ఒక డ్రైవరు. అందరితో పాటు మామా నవ్వాడు. ఆ సాయంత్రమే సీసా మోరీలో ఒంపేసి, ఇనుప రజను కమ్మరికి తిరిగి ఇచ్చేశాడు.

తరువాత వికారాబాదులో సైన్సు పంతులుగా చేరాక, బడి బీరువాలోని ఒక పాత పుస్తకంలో చదివాను. బొగ్గు నుంచి గానీ, నేలలోంచి వచ్చే సహజ వాయువు నుంచి గానీ తయారుచేసిన గ్యాసును ఒత్తిడి పెట్టి వేడి ఇనుము లాంటి లోహం మీదుగా పంపితే నూనె అవుతుందట. జర్మనీలో యుద్ధకాలంలో బొగ్గు గ్యాసుతో అలాగే చేశారట. మామ సీసాలోది తారే, అందులో అనుమానం లేదు. కానీ ఆయన అడిగిన ప్రశ్న సరైనది. ఎంచుకున్న ఇనుమూ సరైనదే.

ప్రతి ఆదివారం రైల్లో తాండూరు వెళ్లేవాణ్ణి, కానీ చెప్పలేదు. చెబితే ఆ నలుగురి ముందే చెప్పాలి. డీజిల్ బస్సులు వచ్చాక, ఇక చెప్పి ఏం లాభమని సర్దిచెప్పుకున్నాను. చివరికి మామ మంచం పట్టినప్పుడు ధైర్యం చేసి ఆ సీసా మాట ఎత్తాను.

"ఇంకా గదే యాదికున్నదా నీకు? నువ్వు కాదన్నవు, నేను ఇడిసిపెట్టిన. సదువుకున్నోని మాట గద," అన్నాడు.

పుస్తకంలో చదివిన సంగతి అప్పుడు కూడా చెప్పలేదు. అత్త ఇచ్చిన చాయ తాగి రైలెక్కాను. వారం తిరగకముందే ఆయన పోయాడు.

తాండూరులో ఇప్పుడు ఎవరూ బస్సుకు బొగ్గు రాజేయరు, గొట్టం కింద సీసా పట్టరు.