ఆయన అనని మాట

మా టీము ఓనరన్న మొన్న మంగళవారం పోయాడు. దవాఖాన నుంచి వదినే ఫోన్ చేసి, "మీ అన్న ఇగ లేడు తమ్మీ" అంది. ఆరేళ్లు రేసుల్లో ఆయన కారు నడిపినవాణ్ణి. దుఃఖంతో పాటు భయమూ వేసింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో సిటీబస్సు కండక్టర్ కొడుకు ఆయన. కార్ల రేసుల్లో పేరు తెచ్చుకుని, నడుము దెబ్బతిన్నాక అల్మాస్‌గూడలో రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని సొంత టీము పెట్టాడు. రేసుకు ముందు ప్రార్థన చేసి, నా హెల్మెట్ మీద రెండుసార్లు తట్టేవాడు. "గెలువకున్నా ఏం గాదు, నువ్వు మంచిగ తిరిగి రా" అనేవాడు.

ట్రాకు ఖాళీగా ఉంటే నా హెల్మెట్‌లోని రేడియోలో "రైట్, రైట్" అనేవాడు, బస్సు పోనిమ్మన్నట్టు. మొదటిరోజు నేను స్టీరింగు కుడికి తిప్పేశాను. "ఎన్నడు బస్సెక్కలేదార నువ్వు?" అని పగలబడి నవ్వాడు.

ఆ టీముకు చివరిదైన రేసులో, మలుపు దగ్గర ముందు కారును దాటబోతుంటే "ఆగు, జర ఆగు" అన్నాడు. విన్నాను. ఆగలేదు. నా కారు తగిలి ఆ కారు గోడకు కొట్టుకుంది. దాన్ని నడిపినతను మళ్లీ లేచి నడవలేదు.

రేడియో మాటలు రికార్డు కావు. విచారణలో బెదిరిపోయి, "అన్న రైట్ అన్నడు సార్, అందుకే పోనిచ్చిన" అన్నాను. అన్న నావైపు ఒకసారి చూసి, "అవును సార్, తప్పు నాదే" అన్నాడు.

టీము లైసెన్సు పోయింది. ఆయన చైతన్యపురిలో డ్రైవింగ్ స్కూల్లో క్లచ్చు, బ్రేకు నేర్పుతూ మిగతా బతుకు వెళ్లదీశాడు. నేను వేరే టీములో కప్పులు గెలిచాను. ఎందుకలా చెప్పావని ఒకసారి అడిగితే, "నీకింక వయసుంది, నడుపు" అన్నాడు. నేను తిన్న ప్రతి ముద్దా ఆయన పెట్టిందే.

సమాధుల దగ్గర వదిన నన్ను పక్కకు పిలిచింది.

"గా రోజు నిజంగ రైట్ అన్నడా తమ్మీ? నాతోని గుడ తప్పు నాదే అన్నడు. గా ఒక్క మాటకు ఆయన్ని ఇన్నేండ్లు ఎన్ని తిట్లు తిట్టిననో."

"లేదు వదినా. ఆగు అన్నడు. నేనే ఆగలే."

అన్న శవపెట్టె లేపడానికి పాత టీమువాళ్లందరం చేతులు వేశాం. వదిన వచ్చి నా చెయ్యి తీసేసి, అక్కడ తన చెయ్యి వేసింది.