జరగని ప్రసంగం

కృపాకర్ హౌరా దగ్గరి సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో పెరిగాడు. కలకత్తాలో ఒక పత్రికలో పద్నాలుగేళ్లు రిపోర్టరుగా పనిచేసి, అది మూతపడ్డాక, తొంభై మూడులో అక్కడే ఒక యూనివర్సిటీలో పౌరసంబంధాల అధికారిగా చేరాడు. రాసిన ప్రతి వాక్యాన్నీ పెదవులు కదుపుతూ చదువుకుంటాడు. ‘ఘనంగా’ అన్న మాట కనబడితే కొట్టేస్తాడు, పైవాళ్లు చెబితే మళ్లీ రాస్తాడు. ఒక ఏడు స్నాతకోత్సవానికి ముందురోజే, అలవాటు ప్రకారం, వైస్ ఛాన్సలర్ ఇలా ‘అన్నారు’ అంటూ ప్రసంగం మొత్తం అయిదు పత్రికలకు పంపేశాడు. తెల్లారితే, పనిలోంచి తీసేసిన హాస్టల్ వంటవాళ్లు వైస్ ఛాన్సలర్ని గదిలోంచి కదలనివ్వకుండా ఘెరావ్ చేశారు. సభ జరగనే లేదు.

సాయంత్రం బయటపడ్డ వైస్ ఛాన్సలర్, “ప్రసంగం వెళ్లిపోయిందిగా, అదే రానివ్వండి” అన్నారు. కృపాకర్ తలూపి తన గదికొచ్చాడు. ఒక్కో పత్రికకూ ఫోన్ చేశాడు.

“దాదా, నేను పంపింది వేయకండి. ఆయన మాట్లాడలేదు. ఆయన గది ముందు మెట్ల మీద పదిహేడుమంది వంటవాళ్లు కూర్చున్నారు. పేర్లు చెబుతాను, రాసుకోండి.”

మర్నాడు ఒక్క పత్రికే ఆ పేర్లు వేసింది. మిగతా నాలుగూ ప్రసంగాన్నే అచ్చువేశాయి. ఎవరు చెప్పారని వైస్ ఛాన్సలర్ అడిగితే, “నేనే” అన్నాడు. వారంలో అతన్ని పాత జవాబుపత్రాల గోదాముకి మార్చారు.

“మీరు చెప్పి ఏటి లాభం? నాలుగు పేపర్లూ అబద్ధమే ఏసినాయి కదా!” అంది భార్య విజయ కుమారి.

“ఆ అబద్ధం రాసిందీ నేనే” అన్నాడు కృపాకర్.